మా దగ్గర లేని బంగారం

కొత్తగా బ్యాంకుల్లో చేరుతున్న మీకు శిక్షణలో ఏదో ఒక రోజు తాకట్టు మార్పిడి గురించి చెబుతారు. బోర్డు మీద రెండు పెట్టెలు గీసి, వాటి మధ్య అటొక బాణం, ఇటొక బాణం వేసి చూపిస్తారు. వినడానికి చాలా తెలివైన ఏర్పాటు. నిజానికి తెలివైనదే. దాన్ని తప్పుపట్టడానికి నేనిది రాయడం లేదు. ఆ బాణాలు మా నల్లగొండ శాఖలోంచి వెళ్ళినప్పుడు ఏం జరిగిందో చెబుదామని రాస్తున్నాను. రిటైరై ఇన్నేళ్ళయ్యాక కూడా మెలకువ రాగానే గుర్తొచ్చేది అదే.

మాది పట్టణ సహకార బ్యాంకు. ఇప్పుడా పేరుతో లేదు, ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. మా నాయిన పానగల్‌లో కూలి చేసేవాడు. మా ఇంట్లో నెల జీతం ముఖం చూసిన మొదటి మనిషిని నేను. అందుకని ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు ఎంత శ్రద్ధగా చీర కట్టుకునేదాన్నో, రోజూ బ్యాంకుకు వెళ్ళేటప్పుడూ అంతే శ్రద్ధగా కట్టుకునేదాన్ని. మా తోటివాళ్ళు నవ్వేవారు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నన్ను బంగారం అప్పుల కౌంటరులో వేశారు. నగలు దాచే స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు. ఒకటి మేనేజరు దగ్గర, ఒకటి నా దగ్గర. ఇద్దరం కలిస్తేనే తలుపు తెరుచుకునేది. నగను పరీక్షించి విలువ కట్టేందుకు ఒక అప్రైజర్ ఉండేవాడు. గడియారం సెంటరు దగ్గర ఆయనకు చిన్న నగల దుకాణం. తండ్రి నాటి నుంచి అదే పని. బ్యాంకు ఆయనకు జీతం ఇవ్వదు, నగకింత అని కమీషను. మాకు అప్రైజరు, ఊళ్ళ నుంచి వచ్చే ఆడవాళ్ళకు అవుసులయ్య, అంటే కంసాలి. వాళ్ళు నా ముఖం చూసి నగ ఇచ్చేవారు కాదు, ఆయన ముఖం చూసి ఇచ్చేవారు. ఆయన గీటురాయి మీద గీసి, తూచి, వాళ్ళ కళ్ళ ముందే సంచిలో వేసి లక్క ముద్ర కొట్టి, "పో బిడ్డా, ఇగ ఇది నీ ఇంట్లకంటె భద్రంగుంటది" అనేవాడు. ప్రతి ఒక్కరికీ అదే మాట.

నోట్ల రద్దు తర్వాత మా బ్యాంకుకు ఊపిరాడని రోజులు మొదలయ్యాయి. జనం మొదట డబ్బు తెచ్చి పోశారు, తర్వాత వచ్చినంత వేగంగా తీసుకుపోయారు. హెడాఫీసువాళ్ళు హైదరాబాద్‌లో ఇళ్ళు కట్టే కంపెనీలకు ఇచ్చిన పెద్ద అప్పులు మాత్రం తిరిగి రాలేదు. అప్పుడే మమ్మల్నందరినీ మహబూబ్‌నగర్ శాఖ పైన ఉన్న హాల్లోకి పిలిచి, హెడాఫీసు నుంచి వచ్చిన ఒక అధికారి ఆ రెండు పెట్టెలు, రెండు బాణాలు గీశాడు.

ఆయన చెప్పింది మీకు అర్థమయ్యేలా చెబుతాను. ఏ బ్యాంకుకైనా ఆస్తి ఉండటం వేరు, చేతిలో డబ్బు ఆడటం వేరు. మన దగ్గర ఉన్నది తాకట్టు బంగారం. దాన్ని అమ్మలేం. ప్రభుత్వ బాండ్లు ఉంటే మాత్రం ఎవరైనా నిమిషాల్లో అప్పు ఇస్తారు. కాబట్టి మన బంగారాన్ని హైదరాబాద్‌లో ఉన్న ఒక పెద్ద ఫైనాన్సు సంస్థకు తాకట్టుగా ఇస్తాం. బదులుగా వాళ్ళ బాండ్లు మనం తీసుకుంటాం, కొంత రుసుము కడతాం. ఆ బాండ్లు చూపించి డబ్బు తెచ్చుకుంటాం. గడువు తీరాక ఎవరివి వాళ్ళకు. పెద్ద బ్యాంకులన్నీ తమ కాగితాలతో ఇలాంటివి చేస్తూనే ఉంటాయి, ఇదేమీ కొత్త కాదన్నాడు.

నేను లేచి, "పెద్ద బ్యాంకులు మార్చుకునేది వాళ్ళ సొంత ఆస్తిని కదా సార్. ఈ బంగారం మనది కాదు, ఖాతాదారులది. వాళ్ళను అడగొద్దా?" అన్నాను.

"అప్పు కట్టిన రోజు వాళ్ళ నగ వాళ్ళకు ఇస్తామా, ఇవ్వమా?"

"ఇస్తాం."

"మరి వాళ్ళకు కావలసింది అంతే కదమ్మా" అన్నాడాయన. హాల్లో నవ్వులు. నేనూ కూర్చున్నాను. భోజనాలు బాగా పెట్టారని మాట్లాడుకుంటూ సాయంత్రం బస్సెక్కాం.

ఆ వారమే హెడాఫీసు వ్యాను వచ్చింది. తుపాకీ పట్టుకుని ఒక గార్డు. ముద్రలు సరిచూడటానికి అప్రైజర్‌ను పిలిపించారు. నగల సంచులు ఒక్కొక్కటే పెట్టెల్లోకి వెళ్తుంటే ఆయన నిలబడి చూశాడు.

"గివి ఏడికి పోతున్నయ్ మేడం?"

"హైదరాబాద్‌కు. మళ్ళీ వస్తాయి."

"ఆడోళ్ళకు గిక్కడనే ఉంటదని చెప్పిన గద నేను" అన్నాడు. కమీషను మనిషి, అంతకంటే ఏమనగలడు?

నిజం చెప్పాలంటే మొదటి ఏడాది అంతా సజావుగానే నడిచింది. ఎవరైనా అప్పు తీర్చడానికి వస్తే, రెండు మూడు రోజులు ఆగమనేవాళ్ళం. నగ హైదరాబాద్ నుంచి వచ్చేది, ముద్ర చెదరకుండా ఇచ్చేవాళ్ళం. ఎవరికీ తెలియలేదు. మా మేనేజరు, పాలమూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు, "చూశారా మేడం, మీరు అనవసరంగా భయపడ్డారు" అనేవాడు. తర్వాత రెండు రోజులు వారమైంది. వారం నెల అయింది. ఒకరోజు ఆయన హెడాఫీసుతో మాట్లాడి ఫోను పెట్టేసి, నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

ఆ ఫైనాన్సు సంస్థ మునిగింది. మన బంగారాన్ని వాళ్ళు కూడా ఊరికే ఉంచుకోలేదు, ఇంకెవరి దగ్గరో పెట్టి డబ్బు తెచ్చుకున్నారు. పోనీ, వాళ్ళ బాండ్లు వాళ్ళ ముఖాన కొట్టి మన బంగారం తెచ్చుకుందామంటే బాండ్లు మా దగ్గర లేవు. అవి తాకట్టులో ఉన్నాయి. వాటి మీద తెచ్చిన డబ్బు హెడాఫీసువాళ్ళు మళ్ళీ ఆ ఇళ్ళ కంపెనీలకే ధారపోశారు.

"ఎవరొచ్చినా స్ట్రాంగ్ రూము తాళం పాడైంది, మెకానిక్కు రావాలని చెప్పండి" అన్నాడు మేనేజరు.

"ఎన్నాళ్ళు సార్?"

"హెడాఫీసు డబ్బు సర్దేదాకా. విషయం బయటికి పొక్కిందా, డిపాజిట్లన్నీ తెల్లారేసరికి ఖాళీ. అప్పుడు బంగారమూ పోతుంది, బ్యాంకూ పోతుంది. మీ కోపం నాకు తెలుసు. కానీ ఆలోచించండి."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అందుకే మర్నాటి నుంచి వచ్చినవాళ్ళకు తాళం పాడైందనే చెప్పాను.

ఆ ఎండాకాలం కేతేపల్లి నుంచి ఒకామె వచ్చింది. నలభై దాటి ఉంటాయి. ఎండకు నల్లబడ్డ చేతుల నిండా నిమ్మముళ్ళ గీతలు. వాళ్ళ నిమ్మతోట ఎండిపోతుంటే బోరు వేయడానికి ఒక గుండ్లదండ, బంగారు గుండ్లు గుచ్చిన హారం, మా దగ్గర పెట్టి అప్పు తీసుకుంది. బోరులో నీళ్ళు పడ్డాయి. ఎండాకాలం నిమ్మకాయకు మంచి ధర పలికింది. కొంగుకు కట్టుకొచ్చిన డబ్బు కౌంటరు మీద పెట్టి, "అంత మిత్తితోని సహ కట్టుకోండ్రి మేడం. నా దండ నాకియ్యుండ్రి" అంది.

తాళం మాట చెప్పి డబ్బు వెనక్కిచ్చాను. మళ్ళీ నెల వచ్చింది. ఆ తర్వాతి నెలా వచ్చింది. నాలుగోసారి ఒక శనివారం వచ్చినప్పుడు కౌంటరు ముందు నిలబడలేదు. చుట్టూ తిరిగి నా కుర్చీ పక్కకు వచ్చి కింద కూర్చుంది.

"మేడం, ఆ దండ నాది గాదు. మా అక్కది. కట్టంగూర్ల ఉంటది. మా అవ్వ సచ్చిపోతె నన్ను సాదింది గామెనే. మా బావ లారీ నడిపి సంపాదించి చేయించిండు, ఆయన లేడిప్పుడు. నా తోట ఎండుతాందని అడగంగనె మెడలకెల్లి తీసిచ్చింది. ఇప్పుడు నేను అమ్ముకతిన్న అంటున్రు. బ్యాంకుల ఉన్నదంటె, పైసలు గడ్తనంటె ఏ బ్యాంకు ఇయ్యదే అంటున్రు. మా అక్క నాతోని మాట్లాడక నెలాయె. రేపు ఆదివారం పంచాయితి పెట్టిన్రు. పిల్లల మీద ఒట్టేసి చెప్పాల్నట. నేను ఒట్టేస్త. గని ఒట్టేసినంక మా అక్క నాకు అక్కెట్లైతది?"

నేను కౌంటరు మీది లెడ్జరు మూసి పక్కన పెట్టాను.

"ఒక్కపారి వచ్చి, తాళం ఖరాబైందన్న మాటన్న చెప్పుండ్రి. మీరు చెప్తె నమ్ముతరు."

నేను చెబితే నమ్ముతారు. నిజమే. ఆ మాటే నన్ను కూర్చోనివ్వలేదు. ఒక అబద్ధాన్ని కౌంటరు ఇవతల నుంచి చెప్పడం ఒక రకం. బస్సెక్కి వెళ్ళి నలుగురిలో నిలబడి చెప్పడం ఇంకో రకం. సాయంత్రం మేనేజరు గదిలోకి వెళ్ళి, మర్నాడు కట్టంగూర్ వెళ్తున్నానని చెప్పాను.

"ఏం చెబుతారు?"

"ఉన్నది చెబుతాను."

ఆయన కేకలేస్తాడనుకున్నాను. వేయలేదు. "ఒక్క కుటుంబం పంచాయితీ తీర్చడానికి ఇన్ని వేల కుటుంబాల డిపాజిట్లు పణంగా పెడతారా? మన అటెండరు జీవితమంతా దాచిన డబ్బు కూడా మన దగ్గరే ఉంది. ఆయన ముఖం చూడగలరా?" అని మాత్రం అడిగాడు.

ఆదివారం ఆరాధనకు వెళ్ళకుండా కట్టంగూర్ బస్సెక్కాను. అక్క ఇంటి ముందు వేపచెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీలు వేసి పెద్దమనుషులు కూర్చున్నారు. అక్క గడపలో కూర్చుంది. బక్కపలచటి మనిషి, మెడలో పసుపుతాడు కూడా లేదు. చెల్లెలు వాకిట్లో ఒక పక్కన నిలబడి ఉంది. అక్క కొడుకు నన్ను చూసి, "మీరేనా బ్యాంకు మేడం? ఏం తాళమది, మూడు నెల్లసంది ఖరాబైతది?" అన్నాడు.

"తాళం బాగానే ఉంది నాయనా. నగనే లేదు."

నేను చెప్పుకుంటూ పోయాను. ఎవరిని ఎవరు నమ్మి ఎక్కడ పెట్టారో, అక్కడి నుంచి ఎటు పోయిందో, బోర్డు మీద బాణాలు లేకుండా నాకు వచ్చిన మాటల్లో చెప్పాను. మీ చెల్లెలు అసలు, మిత్తి తీసుకుని నాలుగుసార్లు వచ్చింది, తప్పు మాదేనని చెప్పాను.

అక్క తల ఎత్తి అడిగింది. "బ్యాంకుల పెట్టిన బంగారాన్ని బ్యాంకోళ్ళు కుదువ బెట్టిన్రా?"

"పెట్టారమ్మా."

"నన్నడగకుంట?"

"అడగలేదు."

"ఇది నా దగ్గర తీస్కపోయేటప్పుడు నన్నడిగే తీస్కపోయె గద బిడ్డా" అంది చెల్లెలి వైపు చూపిస్తూ. తర్వాత పక్కకు జరిగి గడప మీద చోటు చేసింది. "రా. ఎండల నిలబడ్డవు" అంది. చెల్లెలు వెళ్ళి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, ఏడవలేదు. నేను ఆ పూట చూసిన మంచి అంతే.

ఎందుకంటే అప్పటికే కుర్చీల్లోంచి ఒకాయన లేచి, "మా ఇంటామెది గూడ ఆడనే ఉన్నదమ్మా" అన్నాడు. ఇంకొకాయన, "మా బిడ్డ డిపాజిటున్నది" అన్నాడు. వెనక ఎవరో నా మాటలన్నీ ఫోనులో పట్టారు. నేను బస్సులో నల్లగొండ చేరేలోపల ఆ వీడియో నాకంటే ముందే చేరింది.

సోమవారం పొద్దున బ్యాంకు ముందు రోడ్డు కనబడలేదు. షట్టరు సగం ఎత్తాక మళ్ళీ దించేశాం. లోపల మేము, బయట జనం. చేతులతో, చెప్పులతో ఇనుప రేకు మీద కొడుతుంటే ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు. మేనేజరు పోలీసులకు ఫోను చేస్తున్నాడు. మా అటెండరు, ఉద్యోగ విరమణకు దగ్గరపడ్డ సాయిబు, మంచినీళ్ళ గ్లాసు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నేను ఆయన ముఖం చూడలేకపోయాను. ఆయనే అన్నాడు.

"మీరు చెప్పింది సచ్చమే మేడం. తప్పు గాదు. గని నాకొక్క మాట శనివారం చెప్తె బాగుండు. ఇంటి స్లాబు సగమైంది. నా పైసలు గూడ గిండ్లనే ఉండె."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

మధ్యాహ్నానికి బయట కేకలు తగ్గాయి. జనం వెళ్ళిపోతున్నారనుకున్నాం. వాళ్ళు వెళ్ళింది గడియారం సెంటరుకు. బాండ్లంటే ఏమిటో, ఫైనాన్సు సంస్థ ఎక్కడుందో వాళ్ళకు తెలియదు. హెడాఫీసును వాళ్ళెప్పుడూ చూడలేదు. వాళ్ళకు తెలిసిన ముఖం ఒక్కటే. భద్రంగా ఉంటుందని చెప్పిన ముఖం. "అవుసులోడే మార్చిండు" అని ఎవరు మొదలుపెట్టారో తెలియదు. దుకాణం అద్దాలు పగలగొట్టారు. తక్కెడ రోడ్డు మీద పడేశారు. ఆయన్ను కొట్టలేదని కొందరన్నారు, కొట్టారని కొందరన్నారు. పోలీసులు వెళ్ళేసరికి ఆయన లోపల మూలన గోడకు ముఖం పెట్టుకుని కూర్చుని ఉన్నాడట.

తర్వాత అన్నీ మేనేజరు చెప్పినట్టే జరిగాయి. మా బ్యాంకు మీద ఆంక్షలు పెట్టారు. నెలకింత కంటే ఎక్కువ తీసుకోకూడదన్నారు. డిపాజిట్ల బీమా కింద వచ్చేంత వచ్చింది, అంతకు మించి ఉన్నవాళ్ళది పోయింది. అటెండరు ఇంటి ఇనుప చువ్వలు చాలాకాలం ఆకాశంలోకి చూస్తూ అలాగే తుప్పుపట్టాయి. ఆయన ఆ ఇంట్లోకి మారకుండానే చనిపోయాడు. మేనేజరును అరెస్టు చేశారు. బోర్డు మీద బాణాలు గీసినాయన ముందస్తు బెయిలు తెచ్చుకున్నాడని పేపర్లో చదివాను. నన్ను సస్పెండు చేశారు. విచారణలో ఒక్కటే ప్రశ్న, మాట్లాడటానికి మీకు ఎవరు అనుమతి ఇచ్చారని. బంగారం ఇవ్వడానికి ఎవరు అనుమతి ఇచ్చారని నేను అడిగితే, అది ఈ విచారణ పరిధిలోకి రాదన్నారు. బ్యాంకు ఇంకోదానిలో కలిశాక నన్ను మళ్ళీ తీసుకున్నారు. బంగారం కౌంటరు మాత్రం ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

గుండ్లదండ తిరిగి రాలేదు. ఆ చివర ఉన్నవాళ్ళు ఎప్పుడో వేలం వేసి కరిగించేశారు. చెల్లెలు కట్టాల్సిన బాకీ మినహాయించి, కుదువపెట్టిన నాటి ధర లెక్కన ఒక చెక్కు వచ్చింది. ఆ డబ్బుకు అప్పటికి సగం దండ కూడా రాదు. అక్కచెల్లెళ్ళు కలిసే వచ్చి తీసుకున్నారు. అక్క సంతకం పెట్టి, "గిదేనా బిడ్డా?" అని అడిగింది. ఇదేనమ్మా అన్నాను. అంతే.

నేను చెప్పకపోయినా ఇవాళ కాకపోతే రేపు తెలిసేదని నన్ను ఓదార్చినవాళ్ళు ఉన్నారు. కావచ్చు. ఆ రేపు లోపల హెడాఫీసు డబ్బు సర్దేదేమో అని కూడా నాకు అనిపిస్తుంది. సర్దేది కాదని నిరూపించడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. మీలో ఎవరికైనా ఇలాంటి శనివారం వస్తే ఏం చేయాలో నన్నడగకండి. నాకు వచ్చినదాన్ని నేను చేశాను. దాని వల్ల ఒక ఇల్లు నిలబడింది, ఎన్నో ఇళ్ళు కూలాయి.

రిటైరయ్యాక ఒక పెళ్ళికి మహబూబ్‌నగర్ వెళ్ళాను. ఆ బజారులో ఒక నగల దుకాణం అరుగు మీద, చిన్న దీపం ముందు వంగి పని చేస్తున్న మనిషిని చూసి ఆగిపోయాను. మా అప్రైజరే. జుట్టంతా నెరిసింది. నల్లగొండలో ఇల్లు అమ్మేసి, బావమరిది దుకాణంలో మరమ్మతు పనికి కుదిరాడట. నన్ను గుర్తుపట్టి లేవబోయాడు. వద్దన్నాను. టీ తెప్పించాడు.

చాలాకాలంగా గొంతులో ఉన్నది అనేశాను. "కట్టంగూర్లో అన్నీ చెప్పాను. మీకు దీంతో సంబంధం లేదన్న మాట ఒక్కటి చెప్పాలని తోచలేదు. మీ మీదికి వస్తారని అనుకోలేదు."

ఆయన చేతిలో పని ఆపలేదు. "మీరు చెప్పినా ఎవరింటరు మేడం? భద్రంగుంటదన్నది నేనే గద. వాళ్ళకు ఆ మాటనే యాదికున్నది."

ఆయన ముందు బల్ల మీద ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకామె చంకలో పిల్లాడు నిద్రపోతున్నాడు. కమ్మల మరలు, తెగిన గొలుసు, అలాంటి పనులు. ఒకామె విసిగిపోయి, "నేను రేపొచ్చి తీస్కపోత తియ్యి, అవుసులయ్యా" అంది.

"వద్దు బిడ్డా, తీస్కపో. రేపు తెస్తె రేపే చేస్త" అని గొలుసు ఆమె చేతిలో పెట్టేశాడు. నా వైపు తిరిగి, "ఎవ్వరి బంగారం రాత్రికి ఉంచుకోను మేడం. నా ముంగట కూసుంటరు, చేస్త, పట్కపోతరు. మా బామ్మర్దికి కోపమే, గిరాకి పోతాందని" అన్నాడు.

నా చేతి గాజు ఒకటి అతుకు విడిపోయి ఉంది. తీసి ఆయనకిచ్చి, పెళ్ళి చూసుకుని సాయంత్రం వస్తానన్నాను. ఆయన గాజు అందుకోలేదు. దీపం వత్తి సరిచేసుకుంటూ బల్ల వైపు చూపించాడు.

"మీరు గూడ కూసోండ్రి మేడం."

పిల్లాడి తల్లి కాస్త జరిగింది. నేను కూర్చున్నాను.